లెక్కలు తేలాయి, కారణం ఎవరు చెబుతారు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: అసమానతను మనం అర్థం చేసుకునే తీరుపై ఒక పరిశీలన

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 6న మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి. సుమారు 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు నమోదయ్యాయి. ముస్లిం బీసీలను కలుపుకుని బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. చదువు, ఉద్యోగం, భూమి, అప్పు, వలస వంటి విషయాలపై 57 ప్రశ్నలు అడిగారు. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న కేంద్రం కూడా జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ప్రకటించింది. దళిత, బహుజన ఉద్యమాలు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చిన లెక్క ఇది.

లెక్క రావడం గెలుపే. కానీ లెక్క దానంతట అది మాట్లాడదు. ఒక ఊళ్లో మాదిగవాడలో పది ఇళ్లకు ఎనిమిదింటికి గుంట భూమి లేదని తేలిందనుకుందాం. ఆ అంకె చూసి ఒకాయన "తాగి పోగొట్టుకున్నరు" అంటాడు. ఇంకొకాయన "ఎవరి రాత వాళ్లది" అంటాడు. మూడో ఆయన "సర్కారు ఎంతిచ్చినా నిలుపుకోరు" అంటాడు. నాలుగో మనిషి మాత్రం "ఈ ఊరి భూమి ఎప్పుడు, ఎవరి పేరు మీద, ఎట్ల పట్టా అయింది?" అని అడుగుతుంది. అంకె ఒక్కటే, కారణాలు నాలుగు. మొదటి మూడింటితో సంభాషణ అక్కడే ఆగిపోతుంది. నాలుగోదానితో పాత రికార్డు తెరుచుకుంటుంది.

మొదటి మూడు మాటలు అగ్రకులాల అరుగుల మీదే వినపడితే పెద్ద ఆశ్చర్యం లేదు. అవే మాటలు మన వాడల్లో, మన హాస్టళ్లలో, ఒక్కోసారి మన మీటింగుల్లో కూడా వినపడతాయి. ఎందుకు? సమాజంలో ఉన్న తేడాలకు జనం కారణాలు ఎలా వెతుక్కుంటారన్న విషయం మీద సామాజిక మనస్తత్వ శాస్త్రం చాలా పని చేసింది. ఆ పనిని ఈ మూడు జిల్లాల అనుభవం పక్కన పెట్టి చూడటం ఉద్యమకారులకూ విద్యార్థులకూ అవసరమని మేము అనుకుంటున్నాం.

చేసేదేమీ లేదనిపించినప్పుడు

1966లో అమెరికాలో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక యువతికి కరెంటు షాకులు తగులుతున్నట్టు కొందరు విద్యార్థులకు చూపించారు. నిజానికి అది నటన, చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆమెను ఆ బాధ నుంచి తప్పించే వీలు ఇచ్చినప్పుడు చాలామంది తప్పించడానికే మొగ్గారు. ఏమీ చేయలేక చూస్తూ కూర్చోవాల్సి వచ్చినవాళ్లు మాత్రం ఆ యువతినే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలనే కోరిక మనుషుల్లో బలంగా ఉంటుందని, కళ్లెదుటి అన్యాయాన్ని ఆపలేనప్పుడు బాధితుల్లోనే తప్పు వెతికి ఆ నమ్మకాన్ని కాపాడుకుంటారని లెర్నర్ వాదించాడు.

మన దగ్గర ఈ పనిని కర్మ సిద్ధాంతం వేల ఏళ్లుగా చేస్తూనే ఉంది. పూర్వజన్మలో చేసుకున్నది ఈ జన్మలో అనుభవిస్తున్నారని చెబితే, చూసేవాడికి బాధ్యత ఉండదు, నిద్ర చెడదు. ఈ రోజుల్లో అదే మాట 'మెరిట్' పేరుతో తిరిగి వస్తోంది. కష్టపడ్డవాడు పైకొచ్చాడు, రానివాడు కష్టపడలేదు అన్నది కర్మకు కొత్త చొక్కా తొడగడమే.

మరి బాధపడేవాళ్లే ఆ వ్యవస్థను ఎందుకు సమర్థిస్తారు? ఈ ప్రశ్న మీద పని చేసినవాళ్లలో మన హైదరాబాద్ గడ్డ మీద పెరిగిన శాస్త్రవేత్త ఒకరున్నారు. సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదువుకుని, తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయిన మహజరీన్ బనాజీ. ఆమె, జాన్ జోస్ట్ కలిసి 1994లో రాసిన వ్యాసంలో ఒక మాట ముందుకు తెచ్చారు. మనుషులు తమ స్వార్థాన్నో, తమ గుంపునో మాత్రమే సమర్థించుకోరు. ఉన్న వ్యవస్థ తమకే నష్టం చేస్తున్నా, అదే సహజమనీ సబబనీ సమర్థించే ధోరణి వాళ్లలో కనిపిస్తుంది. దీన్ని వాళ్లు వ్యవస్థ సమర్థన అన్నారు. గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన తరాల మనసును అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. అది పిరికితనం కాదు. దాటలేమనిపించిన గోడ పక్కన బతకడానికి మనసు చేసుకునే సర్దుబాటు.

జనగామ చెప్పే పాఠం

ఆ గోడను దాటగలమని జనానికి ఎప్పుడు అనిపిస్తుంది? దీనికి జవాబు జనగామ జిల్లా చరిత్రలోనే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతి కింద సుమారు 40 వేల ఎకరాలు ఉండేవని సాయుధ పోరాట చరిత్రకారులు రాశారు. ఆ ఊళ్లలో మాదిగలు దొరకు చెప్పులు, మోటబొక్కెనలు ఉచితంగా కుట్టివ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, ప్రతి వృత్తికీ వెట్టి ఉండేది. అది తరతరాలుగా నడిచింది. దాన్ని భరించినన్నాళ్లూ జనం చెప్పుకున్న కారణాలు "దొర ఉప్పు తింటున్నం", "మన రాత" అన్నవే.

1940లలో వెట్టి హఠాత్తుగా బరువెక్కలేదు, మారింది వేరే. ఆంధ్ర మహాసభ సంఘం ఊళ్లోకి వచ్చింది. ఎవరి ఇంట్లో వాళ్లు మోసుకుంటున్న బరువుకు 'వెట్టి' అని పేరు పెట్టి అందరి ముందూ నిలబెట్టింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలం మీద దేశ్‌ముఖ్ మనుషులు పడితే, సంఘం కార్యకర్తలు నిలబడి పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఒక పంట గడీకి కాకుండా పండించిన ఇంటికి చేరిందన్న వార్త వంద ఉపన్యాసాలు చేయలేని పని చేసింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపినప్పుడు, "రాత" అని ఎవరూ ఇంటికి పోలేదు. ఏదో ఒకటి చేయవచ్చని తెలిశాక జనం చెప్పే కారణమే మారిపోయింది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. జనం ఆలోచన మారాక పోరాటం వస్తుందని మనం తరచుగా అనుకుంటాం. ముందు చైతన్యం, తర్వాత కార్యాచరణ అని వరస పెడతాం. లెర్నర్ ప్రయోగం, పాలకుర్తి పంట రెండూ దీన్ని తిరగేసి చూడమంటున్నాయి. చేయగల పని కళ్లముందు ఉంటే బాధితుల్లో తప్పు వెతికే అలవాటు తగ్గుతుంది. దారి లేనప్పుడు ఎంత మంచి అంకె చూపించినా అది నిందగా మారుతుంది.

జనగామ చరిత్రలో రెండో పాఠం కూడా ఉంది. నిజాం పాలన పోయాక 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం, కౌలుదారుగా రికార్డుల్లో పేరున్నవాళ్లకు రక్షణ ఇచ్చింది. కౌలు కూడా లేని కూలీకి, జీతగాడికి, వెట్టివాడికి ఆ రికార్డులో చోటెక్కడిది? దళితుల చేతిలో ఈరోజు భూమి లేకపోవడానికి ఒక మూలం అక్కడుంది. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు, సంతోషం. కానీ ఆమెను ఒక్క వీరనారిగా మాత్రమే గుర్తు పెట్టుకుంటే, పంట మోసిన సంఘం మరుగున పడుతుంది. అందరూ కలిసి చేసిన పనిని ఒక్క మనిషి ధైర్యంగా కుదించడం కూడా వ్యవస్థకు సౌకర్యమైన కథే.

నూరు మందికి బండి, మిగతావాళ్లకు ఆశ

ఆ భూమి ప్రశ్నకు తెలంగాణ వచ్చాక పథకాలు జవాబుగా వచ్చాయి. 2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. 2021లో దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. హుజూరాబాద్ తర్వాత మిగతా నియోజకవర్గాల్లో మొదట నూరేసి కుటుంబాలకు ఇచ్చారు.

తీసుకున్న కుటుంబాలకు అది మేలే. అయితే ఊళ్లో ఏం జరిగిందో చూడాలి. ఇంటి ముందుకు ట్రాక్టరో కారో వచ్చిన నలుగురి మీద రానివాళ్ల కోపం మళ్లింది. "వాడు లీడర్ వెంట తిరిగిండు" అనే మాట బయల్దేరింది. బండి సరిగా నడవకపోతే "దళితులకు ఇస్తే ఇంతే" అని ఊరు తీర్పు చెప్పింది. వ్యవస్థ మీద వేయాల్సిన ప్రశ్న రెండు దళిత ఇళ్ల మధ్య తగాదాగా మారింది.

దీన్ని కూడా ప్రయోగంలో చూసినవాళ్లున్నారు. 1990లో స్టీఫెన్ రైట్, డొనాల్డ్ టేలర్, ఫతాలీ మొఘద్దమ్ ఒక అధ్యయనం ప్రచురించారు. పై వర్గంలోకి దారి పూర్తిగా మూసేస్తే జనం కలిసి ఎదిరించడానికి మొగ్గుతారు. వందలో ఇద్దరికి మాత్రం తలుపు తెరిచినా చాలు, చాలామంది కలిసి పోరాడటం మానేసి ఎవరి ప్రయత్నం వాళ్లు చేసుకోవడం మొదలుపెడతారు. సన్నని సందు చూపిస్తే చాలు, తలుపు బద్దలుకొట్టే ఆలోచన వెనక్కి పోతుంది.

స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. రాష్ట్రం ఏర్పడ్డాక మొదటి ప్రభుత్వంలో ఇద్దరు ఉప ముఖ్యమంత్రులు, టి. రాజయ్య, కడియం శ్రీహరి, అక్కడి నాయకులే. "మీవాళ్లు ఉప ముఖ్యమంత్రులే అయిన్రు, ఇంకేం కావాలె?" అని అడగడం తేలిక. దానికి ఎదురు ప్రశ్న మనం సిద్ధం చేసుకోవాలి. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఎస్సీల జనాభా నిష్పత్తిలో కేటాయించాల్సిన డబ్బు మన మండలంలో ఎంత ఖర్చయింది, దేనికి ఖర్చయింది? ఎవరికి బండి వచ్చిందన్నది పొరుగింటి మీద ప్రశ్న. నిధి ఎక్కడికి పోయిందన్నది ప్రభుత్వం మీద ప్రశ్న.

మహబూబాబాద్: పక్కకు చూసే కళ్లు

మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. లోక్‌సభ స్థానంతో పాటు మహబూబాబాద్, డోర్నకల్ అసెంబ్లీ స్థానాలు కూడా ఎస్టీ రిజర్వుడే. అయినా జిల్లాలో రాజకీయ వేడి ఎక్కువగా కోయ, లంబాడా మధ్య రగులుతోంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. వాళ్లను తొలగించాలని ఆదివాసీ సంఘాలు 2017 నుంచి గట్టిగా అడుగుతున్నాయి. అడవిలో ఉన్న కోయ పిల్లలకు చదువు, ఉద్యోగం అందలేదన్న బాధ నిజం. తండాల్లో వలసలు, పేదరికం కూడా నిజమే.

మనుషులు తమ స్థితిని ఎవరితో పోల్చుకుంటారన్నది ఇక్కడ కీలకం. బ్రిటన్‌లో రన్సిమన్ 1966లో ఇదే పరిశీలించాడు. కార్మికులు తమను యజమానులతో కాక, తమకు దగ్గరగా ఉన్న వేరే కార్మికులతో పోల్చుకుంటున్నారని, అందుకే అంత పెద్ద అసమానత ఉన్నా దాని మీద రావాల్సినంత కోపం రావడం లేదని చెప్పాడు. అంబేడ్కర్ దీన్ని అంతకు చాలా ముందే, ఇంకా లోతుగా చెప్పారు. కులం నిచ్చెనమెట్ల అసమానత. కింది మెట్టు మీద ఉన్నవాడికీ తనకన్నా కింద ఒకరు ఉంటారు. అందుకే పై మెట్టు మీద అందరూ కలిసి తిరగబడటం కష్టమవుతుంది.

పైకి చూస్తే కనపడే ప్రశ్నలు మహబూబాబాద్‌లో లేకపోలేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో చేసిన ఒకటో నంబరు చట్టం ఉంది. అది ఉండగానే ఎన్ని ఎకరాలు చేతులు మారాయి? 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో అప్పటి ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. ఆ మాట మీద బయ్యారం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఆ ఫ్యాక్టరీ రాకపోవడం వల్ల కోయ యువకుడికీ లంబాడా యువకుడికీ ఒకేలా నష్టం జరిగింది.

ఎస్సీల్లో కూడా ఇదే పరీక్ష. 1994లో దండోరా మొదలైన నాటి నుంచి అడిగిన వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి వేసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి, 1, 9, 5 శాతం వంతున. ఇది న్యాయమైన కోరికకు దక్కిన ఫలితం. వాటా అందని కులాలు వాటా అడగడం ఐక్యతను చెడగొట్టడం కాదు. కానీ 15ను ఎలా పంచుకోవాలన్న దగ్గరే చూపు ఆగిపోకూడదు. సర్వే ప్రకారం ఎస్సీలు 17.43 శాతం అయితే వాటా 15 దగ్గరే ఎందుకు ఉండాలి? రిజర్వేషన్ అసలే లేని ప్రైవేటు రంగం సంగతేమిటి? ఈ రెండు ప్రశ్నలు మాల, మాదిగ, ఉపకులాలు కలిసి అడగగలిగినవి.

భూపాలపల్లి: ఘటన కనపడుతుంది, కారణం కనపడదు

2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. పడవలు, హెలికాప్టర్లు వచ్చాయి, టీవీలు రోజంతా చూపించాయి. అదే ఏడాది అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత రాష్ట్ర రాజకీయమంతా ఆ పిల్లర్ల చుట్టూ తిరిగింది. విచారణ కమిషన్ వేశారు, నివేదిక వచ్చింది, అసెంబ్లీలో చర్చ జరిగింది.

వార్త అంటే ఘటన, నిజమే. కానీ షాంటో అయ్యంగార్ అనే రాజకీయ శాస్త్రవేత్త 1991లో అమెరికా టీవీ వార్తల మీద చేసిన పరిశోధన ఒక హెచ్చరిక ఇస్తుంది. పేదరికాన్ని ఒక్కొక్క కుటుంబం కథగా చూపిస్తే, చూసేవాళ్లు ఆ కుటుంబాన్నే బాధ్యులను చేశారు. పేదరికాన్ని పరిస్థితులతో, విధానాలతో కలిపి చూపిస్తే బాధ్యత ప్రభుత్వం మీదా సమాజం మీదా పెట్టారు.

మన జిల్లా పేజీల్లో రోజూ వచ్చే చిన్న వార్తలను ఈ కళ్లతో చదవండి. దళితుడి మీద దాడి జరిగితే 'పాత కక్షలు', 'ఇరువర్గాల ఘర్షణ'. అప్పుతో చనిపోయిన కౌలురైతు 'కుటుంబ కలహాలు'. వరద వస్తే ప్రకృతి, పిల్లర్ కుంగితే ఒక పార్టీ. పల్లపు జాగాలో ఎవరి ఇళ్లున్నాయి, ఆ ఇళ్లకు పట్టా ఉందా, పరిహారం రికార్డులో కూలీల పేర్లు ఉన్నాయా, బ్యాక్‌వాటర్‌లో పొలం మునిగినవాళ్లకు ఏం దక్కింది, బొగ్గు గనుల్లో పర్మినెంట్ కార్మికుడి పక్కనే పని చేసే కాంట్రాక్ట్ కార్మికుడికి ఎంత ఇస్తున్నారు అన్నవి ఆ చిన్న వార్తలో పట్టవు. మనలాంటి ప్రత్యామ్నాయ పత్రికలు కూడా బాధితుల కన్నీళ్ల దగ్గరే ఆగితే సానుభూతి వస్తుంది, నింద కూడా వెంటే వస్తుంది.

తరగతి గదిలో పేరు పిలిచినప్పుడు

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం ఎవరూ ప్రస్తావించనప్పుడు దళిత పిల్లలు, అగ్రకుల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివినప్పుడు దళిత పిల్లల ఫలితం పడిపోయింది. అదే తెలివి, అదే కాగితం, అదే గది. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. మరుసటి ఏడు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఇంకో అధ్యయనం ప్రచురించారు. ఒకే అర్హతలతో ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపితే, దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంది.

కాబట్టి "నాకే రావడం లేదు, నాలోనే ఏదో లోపం" అని అనుకునేటప్పుడు, ఆ గదిలో ఏం చదివి వినిపించారో ఒకసారి చూసుకోవాలి. గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పిల్లలకు 'స్వేరోస్' అనే పేరు ఇచ్చింది ఈ దెబ్బను తిప్పికొట్టడానికే. పేరు మారడం మొదటి మెట్టు. పిలిచేవాళ్ల చూపు మారడం, ఉద్యోగమిచ్చేవాళ్ల మీద చట్టం రావడం మిగిలిన మెట్లు.

అంకెకు ఒక పని జోడిద్దాం

జనగణన మళ్లీ అంకెలు తెస్తుంది. అవి రాకముందే ఈ మూడు జిల్లాల్లో చేయగల పనులున్నాయి.

ఒకటి, ఏ అంకె చెప్పినా దాని పక్కన ఒక రికార్డు పెట్టాలి. ఊళ్లో దళితుల భూమి ఎంత అని చెప్పేటప్పుడు పాత పహాణీలు, అసైన్‌మెంట్ పట్టాలు ఏం చెబుతున్నాయో సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవాలి.

రెండు, ప్రతి రికార్డు పక్కన ఒక దారి చూపాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ప్రతి నెలా 30న ఊళ్లలో సివిల్ రైట్స్ డే జరపాలి, తహశీల్దార్, పోలీసు అధికారి రావాలి. మన మండలంలో చివరిసారి అది ఎప్పుడు జరిగింది? జరగకపోతే జరిపించడం పదిమంది విద్యార్థులకు సాధ్యమయ్యే పని. హోటల్లో రెండు గ్లాసుల సంగతి, గుడి మెట్ల సంగతి అక్కడ అధికారుల ముందు చదివితే, "మా ఊళ్లో అట్లాంటివి లేవు" అనే మాట నిలబడదు.

మూడు, పక్క కులం వాటా గురించి మాట్లాడే ప్రతి మీటింగులో పై మెట్టు గురించి కూడా ఒక ప్రశ్న తప్పనిసరిగా ఉండాలి.

పాలకుర్తిలో ఆనాడు వడ్లు ఇంటికి చేరాయి కాబట్టే జనం నమ్మారు. ఇవాళ ఒక పాత పహాణీ బయటికి రావచ్చు, ఆగిపోయిన కమిటీ మళ్లీ కూర్చోవచ్చు, నిధి లెక్క గోడ మీద అతికించవచ్చు. అవి చిన్న పనులే. కానీ అవి జరిగిన వాడలో "మన రాత" అనే మాట పలకడం కష్టమవుతుంది.